టెక్సాస్ ఒక్కసారిలో అయ్యేది కాదు: నెలనీ దూరాన్నీ బట్టి ప్లాన్ వేసుకునే పద్ధతి

మనవాళ్ళ ఇళ్ళల్లో ఒక అలవాటుంది. ఊళ్ళో ఎండలు తప్పించుకుందామని అమ్మానాన్నలు ఏప్రిల్ నెలాఖరున విమానమెక్కుతారు, తిన్నగా వచ్చి టెక్సాస్ ఎండల్లో పడతారు. ఒక వారం నయాగరా, న్యూయార్క్, వాషింగ్టన్ తిప్పుతాం. మిగతా ఐదు నెలలూ మనం ఆఫీసులో, పిల్లలు స్కూల్లో, వాళ్ళు ఏసీ గదిలో టీవీ ముందు. "ఇన్నేళ్ళుగా ఉంటున్నారు, ఇక్కడ చూడ్డానికి ఏమీ లేదట్రా?" అని మా నాన్న అడిగేదాకా నాకు కూడా టెక్సాస్ అంటే నాసా, అలమో, బార్బెక్యూ అంతే.

ఆ తర్వాత ఒక్కో మూలా తిరిగాను, కొన్నిచోట్ల తప్పుడు నెలలో వెళ్ళి బుద్ధి తెచ్చుకున్నాను. మేముండేది డాలస్ పక్కన కాబట్టి దూరాలు అక్కడి నుంచే చెబుతున్నాను. హ్యూస్టన్, ఆస్టిన్ వాళ్ళు లెక్క సరిచేసుకోండి.

మొదటి అడుగు: దూరం లెక్క

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపితే దాదాపు 2.75 లక్షల చదరపు కిలోమీటర్లు. టెక్సాస్ ఒక్కటే దాదాపు 6.95 లక్షలు. అంటే మన రెండు రాష్ట్రాలకీ రెండున్నర రెట్లు. పడమటి కొసన ఎల్ పాసో నుంచి లూసియానా సరిహద్దు దాకా ఇంటర్‌స్టేట్ 10 మీద వెళ్తే దాదాపు 880 మైళ్ళు, అంతా ఒకే రాష్ట్రం. ఎల్ పాసో చేరేసరికి గడియారం కూడా గంట వెనక్కి తిప్పుకోవాలి.

డాలస్ నుంచి ఆస్టిన్ 195 మైళ్ళు, హ్యూస్టన్ 240, శాన్ ఆంటోనియో 275, అమరిల్లో 365. మెక్సికో సరిహద్దున ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్కు 500 దాటుతుంది. నేను పెట్టుకున్న నియమం ఇది: మామూలు శని, ఆదివారాలైతే ఒకవైపు 300 మైళ్ళ లోపే. మూడు రోజుల సెలవు దొరికితే అమరిల్లో. బిగ్ బెండ్‌కి ఐదు రోజులు. నాలుగు రోజుల్లో చేసినవాళ్ళున్నారు, కానీ వాళ్ళు చూసింది ఎక్కువగా రోడ్డే.

పెద్దవాళ్ళు ఉంటే రెండు గంటలకోసారి ఆపాలి. దారిలో బకీస్ కనబడితే అక్కడ ఆపండి. ఉడత కాదు, పళ్ళు బయటపెట్టిన బీవర్ బొమ్మ ఉంటుంది. వంద పంపులున్న పెట్రోలు బంకు ఎలా ఉంటుందో, అందులో బాత్రూములు అంత శుభ్రంగా ఎలా ఉంటాయో మా నాన్న ఊరెళ్ళాక కూడా చెప్పుకున్నాడు. అమ్మకి మాత్రం టెక్సాస్‌లో నచ్చిన మొదటి "టూరిస్ట్ ప్లేస్" అదే.

రెండో అడుగు: నెల చూసి చోటు ఎంచుకోవడం

చాలామంది ముందు చోటు ఎంచుకుని తర్వాత సెలవు పెడతారు. ఇక్కడ అది తిరగబడాలి. మేము అమరిల్లో దగ్గరున్న పాలో డ్యూరో లోయకి జులైలో వెళ్ళాం. పొద్దున్న పదింటికి నడక మొదలుపెడితే పావు దూరంలోనే తెచ్చుకున్న నీళ్ళు సగం అయిపోయాయి. పిల్లవాడి మొహం కందగడ్డలా అయింది. వెనక్కి తిరిగాం. లోయ అడుగున రాళ్ళు వేడెక్కి, గాలి కదలదు. రోహిణీకార్తెలో రెంటచింతల బస్టాండు గుర్తుకొచ్చింది.

జూన్ నుంచి సెప్టెంబరు మధ్య దాకా నీళ్ళూ గుహలూ తప్ప మరేదీ పెట్టుకోవద్దు. సముద్రం వైపు వెళ్తే తుఫాన్ల సీజన్ జూన్ నుంచి నవంబరు దాకా అని గుర్తుంచుకుని, డబ్బు వెనక్కిచ్చే హోటలే బుక్ చేయండి. అక్టోబరు, నవంబరు ఎక్కడికైనా బాగుంటాయి. చలికాలం బిగ్ బెండ్‌కీ దక్షిణ తీరానికీ మంచిది. మార్చి చివర నుంచి ఏప్రిల్ మధ్య దాకా పూలకాలం, అప్పుడు హిల్ కంట్రీ (ఆస్టిన్‌కి పడమటి కొండల ప్రాంతం) తప్ప ఇంకెక్కడికీ వెళ్ళొద్దని నా సలహా. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ వారం మాత్రం అన్నిచోట్లా జనమే జనం.

మూడో అడుగు: కాగితాలు

దీన్ని దాటేసి కిందికి వెళ్ళకండి. బిగ్ బెండ్ నుంచి గానీ, సౌత్ పాడ్రే ఐలాండ్ నుంచి గానీ ఉత్తరంగా వస్తుంటే దారిలో బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులు ఉంటాయి. మీరు సరిహద్దు దాటకపోయినా సరే, కారు ఆపి "సిటిజన్లేనా?" అని అడుగుతారు. వీసా మీద ఉన్నవాళ్ళందరి అసలు పాస్‌పోర్టులూ, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింటూ, హెచ్1బీ వాళ్ళయితే ఐ-797 (ఆమోదం నోటీసు) కాగితమూ కారులో ఉండాలి. గ్రీన్ కార్డు ఉంటే అసలు కార్డే ఉండాలి. ఫోన్లో ఫొటో చూపిస్తే సరిపోతుందనుకోవద్దు. అమ్మానాన్నల పాస్‌పోర్టులు ఇంట్లో బీరువాలో భద్రంగా పెట్టి రావడం మనవాళ్ళు తరచూ చేసే పని. అన్నీ సరిగ్గా ఉంటే రెండు నిమిషాల్లో పంపేస్తారు, టెన్షన్ పడక్కర్లేదు.

బిగ్ బెండ్‌లో బొకియస్ అనే చోట చిన్న పడవలో నది దాటి మెక్సికో పల్లెకి వెళ్ళి భోంచేసి రావచ్చు. సరదాగానే ఉంటుంది. కానీ పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయి ఐ-797 మీద నెట్టుకొస్తున్నవాళ్ళు లాయరుని అడగకుండా పడవెక్కొద్దు. టాకో కోసం వెళ్ళి ఉద్యోగం మీదికి తెచ్చుకోవడం ఎందుకు?

నాలుగో అడుగు: బుకింగులు, తిండి

స్టేట్ పార్కుల్లో లోపలికి వెళ్ళడానికి కూడా ముందుగా డే పాస్ తీసుకోవాలి. నెల రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో ఇస్తారు. మంచి వారాంతాల్లో గేటు దగ్గరికి వెళ్ళి తీసుకుందామంటే "నిండిపోయింది" అన్న బోర్డే కనిపిస్తుంది. ఏడాదిలో మూడు నాలుగు పార్కులు చూసే ఉద్దేశం ఉంటే వార్షిక పాస్ కొనుక్కుంటే కారులో ఉన్నవాళ్ళందరికీ ప్రవేశ రుసుము ఉండదు.

శాకాహారులకి ఊళ్ళల్లో మెక్సికన్ హోటళ్ళే దిక్కు. అన్నం, బీన్స్ అనగానే మనదే అనుకుంటాం గానీ, రుబ్బిన బీన్స్‌లో చాలాచోట్ల పంది కొవ్వు వేస్తారు. "లార్డ్ ఉందా?" అని అడగండి. డాలస్, ఆస్టిన్ మధ్య వెస్ట్ అనే చిన్న ఊళ్ళో చెక్ వలసదారుల కొలాచీలు (మెత్తటి బన్నులు) దొరుకుతాయి. పండ్ల గుజ్జు పెట్టినవి శాకాహారులు తినొచ్చు, నాన్‌వెజ్ వాళ్ళకి సాసేజ్ పెట్టినవి ఉంటాయి. అన్నిటికన్నా నమ్మకమైనది చింతపండు పులిహోర. రెండో రోజుకీ చెడదు.

హిల్ కంట్రీ, ఆస్టిన్

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఇక్కడ మొదలుపెట్టండి. దూరం తక్కువ, పెద్దవాళ్ళూ పిల్లలూ ఇద్దరికీ ఏదో ఒకటి ఉంటుంది.

ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో రెండు రాత్రులు దిగితే చాలు. 1846లో జర్మన్లు కట్టుకున్న ఊరు. దానికి ఉత్తరాన ఎన్‌చాంటెడ్ రాక్ ఉంది. గులాబీ రంగు గ్రానైట్ గుండు, చుట్టూ నేల నుంచి 425 అడుగుల ఎత్తు. మా నాన్న కింద నిలబడి చూసి "ఇది మన భువనగిరి గుట్టే కదరా" అన్నాడు. అలాగే ఉంటుంది, కోట ఒక్కటే తక్కువ. మెట్లుండవు, రాతి వాలు మీద నడిచే ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కిందే చెట్ల నీడన కూర్చోవడం మంచిది. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే బాధ. పొద్దున్న ఎనిమిదిలోపు ఎక్కడం మొదలుపెట్టండి.

ఏప్రిల్‌లో వెళ్తే రోడ్ల పక్కన బ్లూబానెట్లు. 1901 నుంచి ఇది టెక్సాస్ రాష్ట్ర పుష్పం. మంచి వానలు పడిన ఏడాది పొలాలు పొలాలే నీలంగా మారిపోతాయి, పడని ఏడాది అక్కడక్కడా ఉంటాయి. కాబట్టి బయల్దేరే ముందు ఆ వారం జనం పెట్టిన ఫొటోలు చూసుకోండి. ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర విల్లో సిటీ లూప్ పేరున్న దారి. అంతదూరం ఓపిక లేని డాలస్ వాళ్ళకి 35 మైళ్ళలో ఎన్నిస్ ఉంది, అక్కడ పూల దారులకి ప్రత్యేకంగా మ్యాపులు ఇస్తారు. పట్టుచీరల ఫొటోలకి మనవాళ్ళు క్యూ కట్టేది అక్కడే. రెండు జాగ్రత్తలు: కంచె దాటి లోపలికి వెళ్తే అది ఎవరిదో పొలం, పూల మధ్యలో కూర్చునేముందు కర్రతో కదిపి చూడండి, రాటిల్ స్నేక్‌లు ఉంటాయి. మే నుంచి ఆగస్టు దాకా ఇదే దారిలో పీచ్ పళ్ళ దుకాణాలు.

ఆస్టిన్‌లో పగలు క్యాపిటల్ భవనం చూడండి. 1888 నాటిది, ఎర్ర గ్రానైట్ కట్టడం, వాషింగ్టన్‌లోని దానికన్నా కొంచెం ఎత్తు. లోపలికి ఉచితం. సాయంత్రం కాంగ్రెస్ అవెన్యూ వంతెన. 1980లో ఆ వంతెనని మళ్ళీ కట్టినప్పుడు అడుగున సన్నటి సందులు మిగిలాయి. గబ్బిలాలకి అవి అమిరిపోయాయి. మార్చి నుంచి అక్టోబరు దాకా ఉంటాయి, నిండు కాలంలో దాదాపు 15 లక్షలు. సూర్యాస్తమయం వేళ నల్లటి పొగ లేచినట్టు బయటికొస్తాయి. ఆగస్టులో పిల్లలు కూడా ఎగరడం మొదలుపెడతాయి కాబట్టి అప్పుడు ఎక్కువ. గబ్బిలాలు అపశకునం అనే పెద్దవాళ్ళకి చిన్న లెక్క చెప్పండి: అవి రాత్రంతా తినేది పంటల్ని పాడుచేసే పురుగుల్నే. వంతెన కింద నిలబడేవాళ్ళు పాత చొక్కా వేసుకోండి, కారణం చెప్పక్కర్లేదు.

శాన్ ఆంటోనియో

అలమో చూసి నిరాశపడనివాళ్ళు తక్కువ. "ఇంత చిన్నదా?" అంటారు. అందుకే కథ కారులోనే చెప్పేయాలి. టెక్సాస్ మెక్సికో నుంచి విడిపోవాలని పోరాడుతున్నవాళ్ళు ఇందులో ఉంటే, మెక్సికో సైన్యం 13 రోజులు ముట్టడించి 1836 మార్చి 6న వాళ్ళని చంపేసింది. ఓడిపోయిన యుద్ధమే పౌరుషానికి గుర్తుగా మిగిలిపోయింది. మనకి బొబ్బిలి లేదూ, అలాగన్నమాట. ఆ మాట చెప్పాక మా అమ్మ ఆ చిన్న రాతి గుడిలో అరగంట నిలబడింది. లోపలికి ఉచితమే గానీ ఏ వేళకి వెళ్తారో ముందే టికెట్ తీసుకోవాలి.

చాలామంది అలమోతో ఆగిపోతారు. అలమో కూడా నిజానికి ఒక మిషన్, అంటే స్పెయిన్ పాదరీలు చర్చి చుట్టూ కట్టిన ఊరు. అసలు నాకు నచ్చింది మిగతా నాలుగు మిషన్లు: కన్సెప్షన్, శాన్ హొసే, శాన్ హువాన్, ఎస్పాడా. ఐదూ కలిపి 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. ఒక్కటే చూడగలిగితే శాన్ హొసే. చుట్టూ గోడ, ఆ గోడలోనే ఇళ్ళు, మధ్యలో చర్చి, అంటే ఒక ఊరు మొత్తం ఎలా బతికిందో కనిపిస్తుంది. ఎస్పాడా దగ్గర స్పానిష్ కాలం నాటి సాగునీటి కాలువ, వాగు మీదుగా దాన్ని దాటించిన రాతి వంతెన ఉన్నాయి. పొలం చేసినవాళ్ళని అక్కడికి తీసుకెళ్ళండి, మిగతాదంతా వాళ్ళే మీకు చెబుతారు.

రివర్ వాక్ సాయంత్రానికి ఉంచుకోండి. 1921లో వరద వచ్చి ఊరు మునిగాక నదిని కప్పేసి కాలువ చేద్దామనుకున్నారు. రాబర్ట్ హగ్‌మన్ అనే వాస్తుశిల్పి కాదని, ఒడ్డునే అంగళ్ళూ నడకదారులూ కట్టాలని పోరాడాడు. 1939, 1941 మధ్య పని పూర్తయింది. పడవ ఎక్కి, ఐస్‌క్రీమ్ తిని వచ్చేయండి, ఒడ్డున భోజనానికి వాచిపోతుంది.

ఎండాకాలమైతే ఊరికి ఉత్తరాన నేచురల్ బ్రిడ్జ్ కావెర్న్స్. 1960లో కాలేజీ కుర్రాళ్ళు కనిపెట్టిన గుహలు, లోపల ఏడాదంతా 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే. బొర్రా గుహలు చూసినవాళ్ళకి వింత కాదు గానీ దీపాల అమరిక బాగుంటుంది. మెట్లూ వాలూ ఎక్కువ, తడి నేల.

హ్యూస్టన్, సముద్ర తీరం

స్పేస్ సెంటర్ హ్యూస్టన్‌కి పూర్తి రోజు కేటాయించండి. వెళ్ళగానే ట్రామ్ టూర్ వరసలో చేరండి. మధ్యాహ్నం అయితే వరస కొండవీటి చాంతాడే. రాకెట్ పార్కులో పడుకోబెట్టిన సాటర్న్ 5 పొడవు 363 అడుగులు. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపడానికి తయారుచేసినవాటిలో ఇప్పుడు మూడే మిగిలాయి. చంద్రుడి యాత్రలు నడిపిన పాత కంట్రోల్ రూమ్‌ని అప్పటి సిగరెట్ డబ్బాలు, కాఫీ కప్పులతో సహా తిరిగి అమర్చారు. దానికి ముందే బుక్ చేసుకోండి. పిల్లలకి చెప్పడానికి మన పేర్లూ ఉన్నాయి. తెలంగాణ మూలాలున్న రాజా చారి 2021 నవంబరులో క్రూ-3కి కమాండరుగా అంతరిక్ష కేంద్రానికి వెళ్ళాడు. ఆంధ్రలో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగిన శిరీష బండ్ల 2021 జులైలో వర్జిన్ గెలాక్టిక్ నౌకలో ఎగిరింది.

మర్నాడు పొద్దున్న పేర్‌ల్యాండ్‌లో మీనాక్షి గుడి, ఇంకో వైపు షుగర్ ల్యాండ్‌లో అష్టలక్ష్మి గుడి దగ్గర 90 అడుగుల హనుమంతుడు. ఆ విగ్రహం 2024లో చినజీయర్ స్వామి ఆధ్వర్యంలో ప్రతిష్ఠించారు.

గాల్వెస్టన్ 50 మైళ్ళు. ఒక మాట ముందే చెబుతున్నా, నీళ్ళు బురద రంగులో ఉంటాయి. నదులు తెచ్చే ఒండ్రు అది, మురికి కాదు. విశాఖ సముద్రం కళ్ళలో పెట్టుకుని వెళ్ళొద్దు. 1900 సెప్టెంబరులో ఇక్కడ తుఫాను వచ్చి కనీసం ఆరువేల మంది పోయారు. అమెరికా చరిత్రలో ఇంత ప్రాణనష్టం చేసిన ప్రకృతి విపత్తు మరొకటి లేదు. తర్వాత 17 అడుగుల ఎత్తు గోడ కట్టారు, ఇప్పుడు మనం సాయంత్రం నడిచేది దాని మీదే. దివిసీమ ఉప్పెన చూసినవాళ్ళు ఇంట్లో ఉంటే ఆ గోడ మీద మాటలు చాలా సేపు సాగుతాయి. అక్కడి నుంచి ఎదురుగా ఉన్న బొలివార్ ఒడ్డుకి వెళ్ళే ఫెర్రీ ఉచితం. కారు ఎక్కించకుండా మనుషులే ఎక్కి వెళ్ళి రావచ్చు, దారిలో డాల్ఫిన్లు కనిపిస్తాయి. ఖర్చు లేకుండా మా అమ్మని అంత సంతోషపెట్టింది ఇంకోటి లేదు.

మంచి బీచ్ కావాలంటే కార్పస్ క్రిస్టీ దాటి పాడ్రే ఐలాండ్ నేషనల్ సీషోర్‌కి పోవాలి. జూన్ మధ్య నుంచి ఆగస్టు దాకా కెంప్స్ రిడ్లీ తాబేలు పిల్లల్ని తెల్లవారుజామున సముద్రంలోకి వదులుతారు. ఏ రోజన్నది గుడ్లు పొదిగేదాన్ని బట్టి ఉంటుంది కాబట్టి పార్కు వాళ్ళ హాట్‌లైన్‌కి ముందురోజు ఫోన్ చేసి తెలుసుకోవాలి. చలికాలంలో దగ్గర్లోని అరాన్సస్ పక్షుల అభయారణ్యానికి హూపింగ్ క్రేన్ కొంగలు వస్తాయి, మనిషంత ఎత్తు. 1940ల మొదట్లో అడవిలో పాతిక లోపే మిగిలి, మళ్ళీ పెరిగిన జాతి. నేలపట్టు, పులికాట్ తిరిగినవాళ్ళు తప్పకుండా పడవ టూర్ ఎక్కండి.

బిగ్ బెండ్

థాంక్స్‌గివింగ్ వారం అందరికీ ఖాళీ, అందుకే గదులు కొన్ని నెలల ముందే అయిపోతాయి. జనవరి చివర గానీ ఫిబ్రవరి మొదట్లో గానీ సెలవు పెట్టుకోగలిగితే ప్రశాంతం.

మొదటి రోజు డ్రైవింగే. ఇంటర్‌స్టేట్ 20 మీద ఒడెస్సా దాకా వెళ్ళి, దక్షిణానికి తిరిగి ఆల్పైన్‌లో పడుకోండి. ఫోర్ట్ స్టాక్టన్ దాటాక కనిపించిన ప్రతి బంకులో ట్యాంకు నింపండి. ఫోన్ సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాపులు ముందే దించుకోండి. రెండో రోజు పార్కులోకి, కొండల మధ్య పల్లంలో ఉన్న చీసోస్ బేసిన్‌కి (తెరిచి ఉందో లేదో పార్కు వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి). నడవగలిగినవాళ్ళు లాస్ట్ మైన్ ట్రయిల్, రానుపోను 4.8 మైళ్ళు. కారు ఆపే చోటు చాలా చిన్నది, తెల్లారేసరికి అక్కడ ఉండాలి. పెద్దవాళ్ళకి విండో వ్యూ అనే చిన్న సిమెంటు దారి ఉంది, పది నిమిషాలు. రెండు కొండల మధ్య కిటికీలాంటి సందులోంచి ఎడారి కనిపిస్తుంది.

మూడో రోజు రాస్ మాక్స్‌వెల్ రోడ్డు మీదుగా శాంటా ఎలీనా లోయకి. రియో గ్రాండే నది రెండు నిలువు గోడల మధ్య నుంచి వస్తుంది, గోడల ఎత్తు 1500 అడుగులు. ఎడమ గోడ మెక్సికో, కుడి గోడ అమెరికా. పాపికొండల్లో లాంచీ మీద వెళ్ళినవాళ్ళకి ఆ అనుభూతి కొంత తెలుసు, కానీ ఇక్కడ చెట్టుండదు, చప్పుడుండదు.

నాలుగో రోజు ఫోర్ట్ డేవిస్ దగ్గర మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీలో రాత్రి స్టార్ పార్టీ. వారంలో కొన్ని రోజులే ఉంటుంది, టికెట్లు ముందే కొనాలి. ఎత్తు 6000 అడుగులు దాటిన చోటు కాబట్టి అక్టోబరులో కూడా స్వెటరు కావాలి. లేజరు పట్టుకుని నక్షత్రాలు చూపిస్తుంటే మా నాన్న పక్కనే పిల్లలకి సప్తర్షులు, అరుంధతి చెప్పుకుంటూ పోయాడు. చివరికి నలుగురు తెల్లవాళ్ళు కూడా ఆయన వైపు తిరిగారు. మార్ఫా దగ్గర రాత్రిళ్ళు ఎగిరే దీపాల కోసం ఒక వేదిక కట్టారు. మన ఊళ్ళల్లో కొరివిదెయ్యాలు అనేవారే, అలాంటివి. 2004లో యూటీ డాలస్ విద్యార్థులు పరిశీలించి, అవి దూరంగా హైవే మీద పోయే కార్ల హెడ్‌లైట్లే అని తేల్చారు. దారిలో పడితే పది నిమిషాలు ఆగండి, దాని కోసమే వెళ్ళొద్దు.

ఐదో రోజు తిరుగుదారిలో బాల్మొరియా. ఊటనీళ్ళతో నిండే పెద్ద ఈత కొలను, 1930లలో కట్టింది, ఏడాదంతా నీళ్ళు 72 నుంచి 76 డిగ్రీల ఫారెన్‌హీట్. అడుగున చేపలు తిరుగుతుంటాయి.

మిగతా మూలలు

ఉత్తరాన అమరిల్లో దగ్గర పాలో డ్యూరో, అమెరికాలో రెండో పెద్ద లోయ. అక్టోబరులో వెళ్ళి లైట్‌హౌస్ రాతిస్తంభం దాకా నడవండి, రానుపోను ఆరు మైళ్ళు. నడవలేనివాళ్ళు కారులోనే లోయ అడుగుదాకా దిగొచ్చు. ఊరి పక్కన పొలంలో 1974లో పది కాడిలాక్ కార్లని ముక్కు కిందికి పాతిపెట్టారు. స్ప్రే డబ్బా పట్టుకెళ్ళి మీ పేరు రాసుకోవచ్చు, రేపటికి ఇంకెవరో దాని మీద రాస్తారు. మా పిల్లలకి లోయ కన్నా ఇదే గుర్తుంది, ఏం చేస్తాం.

తూర్పున పైన్ అడవుల్లో కాడో లేక్, డాలస్ నుంచి మూడు గంటలు. నీళ్ళలో నిలబడ్డ సైప్రస్ చెట్లు, వాటి నుంచి వేలాడే బూడిద రంగు నాచు. నవంబరులో ఆకులు ఎర్రబడతాయి. పడవ నడిపేవాణ్ణి పెట్టుకునే వెళ్ళాలి, ఆ నీటిదారుల్లో తప్పిపోవడం తేలిక, మొసళ్ళూ ఉన్నాయి. ఇంకా దక్షిణంగా హెంప్‌హిల్ అనే చిన్న ఊళ్ళో కొలంబియా నౌక జ్ఞాపకార్థం మ్యూజియం ఉంది. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా ఉన్న ఆ నౌక శకలాలు పడింది ఈ అడవుల్లోనే, వెతికింది ఈ ఊళ్ళవాళ్ళే.

ఇంటి పక్కనే ఉన్నవీ తక్కువేం కాదు. డాలస్‌లో కెనడీ హత్య జరిగిన చోట సిక్స్త్ ఫ్లోర్ మ్యూజియం, ఫోర్ట్ వర్త్ స్టాక్‌యార్డ్స్‌లో రోజుకి రెండుసార్లు వీధిలో నడిచే పొడవు కొమ్ముల ఎద్దులు, గ్లెన్ రోజ్ దగ్గర ఏటి అడుగున డైనోసార్ పాదముద్రలు. ఇవి నీళ్ళు తగ్గిన వేసవి చివర్లోనే బాగా కనిపిస్తాయి. ఫోర్ట్ వర్త్‌లోనే కింబెల్ ఆర్ట్ మ్యూజియం కట్టింది లూయీ కాన్, అహ్మదాబాద్ ఐఐఎం కట్టినాయనే. అక్కడి శాశ్వత సేకరణ చూడ్డానికి టికెట్ లేదు. ఇర్వింగ్‌లో 2014 గాంధీ జయంతి నాడు ఆవిష్కరించిన విగ్రహం దగ్గర సాయంత్రం నడక మా నాన్నకి అలవాటైపోయింది.

అమ్మానాన్నల టికెట్లు ఇంకా కొనకపోతే

ఏప్రిల్ వదిలేసి అక్టోబరు మొదటి వారంలో దింపండి. వచ్చిన వారానికి డాలస్ స్టేట్ ఫెయిర్ ఇంకా నడుస్తుంటుంది. అక్టోబరు చివర పాలో డ్యూరో, నవంబరులో కాడో లేక్. డిసెంబరులో రివర్ వాక్ చెట్లకి దీపాలు కడతారు, శాన్ ఆంటోనియో అప్పుడు. జనవరిలో సంక్రాంతి అయ్యాక బిగ్ బెండ్, ఫిబ్రవరిలో హ్యూస్టన్, కొంగలు. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ రద్దీ తప్పించి ఆస్టిన్. ఏప్రిల్ మొదటి వారంలో ఎన్నిస్ పూలు చూపించి, ఆరు నెలల గడువు నిండకముందే విమానం ఎక్కించండి. అక్కడ ఆవకాయ సీజన్ మొదలయ్యేసరికి అమ్మ ఇంట్లో ఉంటుంది.